గుంతలో ఉడికిన ఇసుక: ఒక చెరువు కట్ట కింద బుంగ మొదలైన తీరు

నవంబరులో ఒక తెల్లవారుజాము, అయిదు దాటి పది నిమిషాలు. "సార్, అరటితోట గుంతలో ఇసక ఉడుకుతా ఉండాది. బిరీన రాండి." ఫోన్ చేసింది ఆ చెరువు నీరుగంటి, అంటే తూము చూసుకుంటూ పొలాలకు నీళ్లు వదిలేవాడు. అరవై దాటిన మనిషి. ఇంగ్లీషు పుస్తకాలు కూడా దీన్ని ఉడకడమనే అంటాయి, శాండ్ బాయిల్ అని. ఆయన ఆ పుస్తకాలు చూసినవాడు కాదు, గుంతను చూసినవాడు.

అయిదు నెలల ముందు, జూన్‌లో, ఆ కట్ట కింది ఊటను లెక్కగట్టి 'నిండు చెరువుకు కూడా ఇబ్బంది లేదు' అని సంతకం పెట్టింది నేను. అందుకే ఈ కేసు రాస్తున్నాను. ఊరి పేరూ చెరువు పేరూ వదిలేస్తున్నాను. కడప జిల్లాలో పెన్నలో కలిసే ఒక ఏటి పక్కన ఉన్న పాత చెరువు అనుకోండి, చాలు.

కట్ట ఎత్తు 7 మీటర్లు. పైన వెడల్పు 3 మీటర్లు, లోపలి వాలు రెండున్నరకు ఒకటి, బయటి వాలు రెండుకు ఒకటి. అంటే అడుగున 34.5 మీటర్ల వెడల్పు. చెరువు నిండితే బయటి నేలమట్టం కంటే 5.2 మీటర్ల ఎత్తున నీళ్లుంటాయి. ఆ తెల్లవారుజామున 3.4 ఉన్నాయి. కట్ట కింద మొదట 1.8 మీటర్ల నల్లరేగడి, దాని కింద 6 మీటర్ల సన్న ఇసుక, ఆ కింద నాపరాయి. ఆ ఇసుక ఏరు ఒకప్పుడు పారిన దారి. ఏరు పక్కకు జరిగింది, ఇసుక ఉండిపోయింది, పైన రేగడి పేరుకుంది, ఆ రేగడి మీద ఎవరో పెద్దలు కట్ట వేశారు.

నేను వెళ్లేసరికి ఏడున్నర. కట్ట మొదలు నుంచి 11 మీటర్ల దూరంలో జేసీబీతో తవ్విన గుంత, నాలుగు మీటర్లకు మూడు, లోతు మీటరు. అడుగున జానెడు నీళ్లు. ఒక మూలన తాటిపండంత వెడల్పున నీళ్లు గుండ్రంగా పైకి పొంగుతున్నాయి. ఆ పొంగులో ఇసుక లేచి పక్కలకు పడి, మధ్యలో నోరున్న చీమల పుట్టలాగా కుప్ప కట్టింది. దిగి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. మణికట్టు దాకా దిగినా గట్టి నేల తగల్లేదు. పిడికెడు తీసి చూస్తే లేత బూడిద రంగు. చుట్టూ పొలమంతా బొగ్గులాంటి నల్లరేగడి, అందులో ఈ రంగు ఇసుక కిందినుంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాదు. కట్ట కింది నేల తన ఇసుకను గుంతలోకి కక్కుతోంది.

మరి ఈ గుంత ఎప్పటిది? ఆగస్టులో తవ్వించాడట తోట రైతు. కట్ట దిగువన నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, ఒక గుంత తీస్తే ఊట నీళ్లు వస్తాయని ఆయన ఆశ. వచ్చాయి కూడా, తేటగా. అయిదు హెచ్‌పి మోటారు పెట్టుకున్నాడు. అక్టోబరులో చెరువుకు నీళ్లు చేరాక ఊట పెరిగింది, ఆయన సంతోషపడ్డాడు. ముందురోజు రాత్రి కొత్త పిలకలకు తడి పెట్టాలని గుంత అడుగు కనిపించేదాకా తోడాడు. ఆ తర్వాతే ఇసుక మొదలైంది. అతని మీద నాకు కోపం లేదు. కట్ట దిగువన గుంత తీయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అప్పటికే ఊళ్లోవాళ్లు ముప్ఫై మంది దాకా కట్ట మీద చేరారు. ట్రాక్టరుతో బంకమట్టి తెచ్చి గుంత పక్కన పోశారు. "మూసేస్తే అయిపాయె గదా సార్" అన్నాడు ఒకాయన. అది ఒప్పుకుంటే ఊరు పోతుంది. ఒక నోరు మూస్తే కింద ఒత్తిడి ఎక్కడికీ పోదు, పక్కన పలచగా ఉన్న ఇంకో చోట చీల్చుకుని వస్తుంది, మనం చూడని చోట. నీటిని రానివ్వాలి, ఇసుకను ఆపాలి. ముందు మోటారు స్టార్టరు ఫ్యూజులు తీయించాను. ఇసుక బస్తాలతో గుంత చుట్టూ రింగు కట్టించి, గుంతను నిండనిచ్చాం. గుంతలో నీళ్లు ఒక్కో అడుగు పెరిగేకొద్దీ పొంగు బలం తగ్గింది. మధ్యాహ్నం రెండింటికి రింగులో నీళ్లు నేలమట్టం దాటాయి, అప్పటికి ఇసుక లేవడం ఆగి నీళ్లు తేటబడ్డాయి. తెచ్చిన బంకమట్టిని ఎవరూ వెనక్కి తీసుకుపోలేదు, అది తర్వాత ఇంకో పనికి వచ్చింది.

అసలు గొడవ తూము దగ్గర. చెరువును ఒక అరమీటరు దించాలన్నాను. ఎన్నో ఏళ్లకు నీళ్లు చూసిన చెరువు అది. కింద ఆయకట్టు రైతులు "మీ లెక్క తప్పితే మా నీళ్లు పోవాల్నా" అన్నారు. జవాబు లేదు నా దగ్గర. తూము తెరిపించాను.

ఈ జిల్లాలో కట్ట తెగడమంటే జనానికి గుర్తొచ్చేది 2021 నవంబరు 19, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు. అక్కడ వరద మట్టికట్ట పైనుంచి పొర్లింది. అప్పటినుంచి వాన పడితే అందరి కళ్లూ అలుగు మీద, గేట్ల మీద. కింది నుంచి వచ్చేదాన్ని చూసే అలవాటు తప్పింది. పాతవాళ్లకు ఈ అలవాటుండేది. పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, మంచి చెరువుకు పన్నెండు అంగాలనీ చెడ్డ చెరువుకు ఆరు దోషాలనీ చెబుతుంది. ఆ దోషాల్లో మొట్టమొదటిది కట్ట నుంచి నీరు ఊరడం.

జూన్‌లో వేసిన లెక్క

ఇప్పుడు నా తప్పు సంగతి. కట్ట కింద ఇసుక ఎప్పుడు కదులుతుందో చెప్పే పద్ధతులు వందేళ్లకు పైగా ఉన్నాయి. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట అడుగు కింది నీటి ఒత్తిడికి దెబ్బతిన్నాక ఈ దేశంలో ఇంజనీర్లు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు. బ్లై అనే ఇంజనీరు 1910లో తేలికైన సూత్రం పెట్టాడు: నీరు కింద నడిచే దారి పొడవును నీటిమట్టాల తేడాతో భాగించు. సన్న ఇసుకైతే అది 15కు తగ్గకూడదు. 1935లో అమెరికాలో లేన్ వందల ఆనకట్టల వివరాలు చూసి దాన్ని సవరించాడు. అడ్డంగా నడిచిన దారికి మూడో వంతే లెక్క, నిలువుగా దిగిన దారికి పూర్తి లెక్క. సన్న ఇసుకకు ఆయన 7 అడిగాడు, మధ్యరకం ఇసుకకు 6. ఆ మరుసటి ఏడాదే మన ఖోస్లా, ఆయన సహచరులు సగటు సరిపోదు, నీరు బయటపడే చోట వాలు ఎంత ఉందో చూడమన్నారు. ఇక్కడ వాలంటే నేల వాలు కాదు, నీరు నడిచే ఒక్కో మీటరుకు ఒత్తిడి ఎంత పడిపోతోందన్నది.

నా దగ్గరున్న పాత డ్రాయింగులో చెరువు లోపల కట్టను ఆనుకుని 60 మీటర్ల దాకా గట్టి ఒండ్రు పొర ఉంది. నీరు ఇసుకలోకి దిగాలంటే ఆ 60 దాటాలి. కట్ట అడుగుతో కలిపి 94.5 మీటర్లు. 5.2తో భాగిస్తే 18. బ్లై పాస్. లేన్ లెక్కలో 6.75 వచ్చింది. ఇసుక జల్లెడ ఫలితం చూస్తే సగం గింజలు 0.28 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి. మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం అది సన్న ఇసుకే, అనుమానం లేదు. సన్న ఇసుకకు 7 కావాలి. నేను రిపోర్టులో 'మధ్యరకం' అని రాశాను. 6 కావాలి, 6.75 ఉంది, అయిపోయింది. అప్పుడు నాకది అబద్ధంగా అనిపించలేదు, సర్దుబాటు అనిపించింది.

పైగా డచ్చివాళ్ల సెల్‌మైజర్ సూత్రం కూడా వేశాను. 1988లో డెల్ఫ్ట్‌లో పుట్టిన మోడల్ అది, పెద్ద పెద్ద ప్రయోగ కట్టలు కట్టి తెగేదాకా నింపి 2011లో సరిచేసుకున్నారు. ఇసుక గింజల సైజు, నీరు పారే గుణం, పొర మందం, దారి పొడవు ఇస్తే ఎంత నీటి తేడా దగ్గర బుంగ ఆగకుండా చెరువు దాకా తవ్వుకుపోతుందో చెబుతుంది. నాకు 11.3 మీటర్లు వచ్చింది. నిండు చెరువుకు రెట్టింపు కంటే ఎక్కువ. హాయిగా సంతకం పెట్టాను.

గుంత తర్వాత వేసిన లెక్క

ఇసుక ఉడికిన మూడో రోజు చేతి ఆగర్‌తో కట్ట కింద, తోటలో, చెరువు లోపల ఒడ్డున రంధ్రాలు వేయించాను. ఈ పని జూన్‌లోనే చేయాల్సింది. అప్పుడు కట్ట మీద మూడు బోర్లు వేసి ఊరుకున్నాం, ఎందుకంటే డ్రిల్లింగ్ బండి కట్ట మీదకే ఎక్కుతుంది. బుంగ మొదలయ్యేది కట్ట నడిమధ్యన కాదు. కట్ట దిగిపోయాక, పొలంలో.

చెరువు లోపల 60 మీటర్ల ఒండ్రు పొర లేదు. వేసవిలో పూడిక తీసి పొలాలకు తోలుకున్నారు. పూడిక తీయడం మంచి పనే. కానీ ఎర్రటి ఎండలో ట్రాక్టర్లు వరసకట్టినప్పుడు ఎంత లోతు ఆపాలో చెప్పేవాడు లేక, కట్టకు పది మీటర్ల అవతల పూడికతో పాటు దాని కింది రేగడిని కూడా తోడి ఇసుక తేల్చారు. ఒక చివర లోపల తలుపు తెరిచారు, ఇంకో చివర అరటితోటలో కిటికీ తెరిచారు. 94.5 మీటర్ల దారి 56కు వచ్చింది.

గుంత పక్కన ఒక పీజోమీటర్, అంటే నేల లోపలి నీటి ఒత్తిడిని కొలిచే గొట్టం, దించాం. ఇసుక పొరలో నీటి ఒత్తిడి చెరువు నీటి ఎత్తులో 35 శాతం కనిపించింది. చెరువులో 3.4 ఉంటే అక్కడ నేలకు 1.2 మీటర్ల పైకి. ఇక లెక్క పలక మీద వేసుకోవచ్చు. పైన ఉన్న 1.8 మీటర్ల రేగడి ఘనపు మీటరుకు 1.8 టన్నుల చొప్పున చదరపు మీటరుకు 3.24 టన్నులు బరువు వేస్తుంది. కింద నీరు ఎత్తేది 1.8 కి 1.2 కలిపి 3.0 టన్నులు. రేగడి కాస్త బరువు, నేల నిలబడింది. గుంత తవ్విన చోట 0.8 మీటర్ల రేగడే మిగిలింది, 1.44 టన్నులు. గుంతలో నీళ్లు నిండుగా ఉంటే ఇంకో టన్ను కలిసి 2.44. అప్పుడే 3.0కి తక్కువ, అంటే రేగడి అప్పుడే పగిలి తేట ఊట వచ్చింది. అదే రైతు సంతోషపడిన ఊట. మోటారు ఆ టన్ను నీటిని తోడేశాక 1.44 మీద 3.0. ఇసుక లేవక ఏం చేస్తుంది?

ఈ మాత్రానికి కంప్యూటర్ అక్కర్లేదు. అయినా మోడల్ కట్టాను, ఎందుకంటే నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. ఇసుక లేచింది సరే, అది అక్కడితో ఆగేదా, చెరువు దాకా పోయేదా?

రెండు కొలతల మోడల్‌లో గుంత అడుగున చీలిక పెట్టి నీరు బయటపడే చోట వాలు చూశాను. మోడల్ నేలను గళ్లుగా కోసి ఒక్కో గడికీ లెక్క వేస్తుంది. గళ్లు మీటరు సైజులో ఉంటే 0.44 వచ్చింది. ఇసుక తేలిపోవడానికి నా లెక్కలో 0.97 కావాలి, సగం కూడా లేదు. గళ్లు అరమీటరు చేస్తే 0.62. పావు మీటరు చేస్తే 0.88. పది సెంటీమీటర్లకు 1.39. అదే కట్ట, అదే నీరు, గడి చిన్నదయ్యేకొద్దీ ప్రమాదం పెరుగుతోంది. సాఫ్ట్‌వేర్ బగ్ కాదు. అడ్డుపొర ఠక్కున తెగే అంచు దగ్గర వాలు లెక్కకు అంతు ఉండదు, దగ్గరికి వెళ్లేకొద్దీ దూరపు వర్గమూలం చొప్పున పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి 'ఎగ్జిట్ గ్రేడియంట్ (నీరు బయటపడే చోటి వాలు) 0.44, సేఫ్' అని ఏ రిపోర్టులోనైనా చూస్తే ముందు గడి సైజు అడగండి. చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు.

మరి ఏ సైజు దగ్గర ఆపాలి? వేరా వాన్ బీక్ అనే డచ్ పరిశోధకురాలు 2015లో డెల్ఫ్ట్‌లో ఈ మొదలు గురించే సిద్ధాంత గ్రంథం రాశారు. ఆమె ప్రయోగాల్లో ఇసుక కదలడం మొదలయ్యేది సుమారు ఇరవై గింజల దూరం మీద సగటు వాలు హద్దు దాటినప్పుడు. నా ఇసుకకు ఇరవై గింజలంటే 5.6 మిల్లీమీటర్లు. అంత దగ్గర లెక్క కట్టి చూస్తే నాకు 5.9 వస్తోంది, కావలసిన దానికి ఆరు రెట్లు. అంటే రేగడి చీలి ఇసుక మీదకు నోరు తెరుచుకుంటే ఇక మొదలు గురించి సందేహం అక్కర్లేదు, మొదలవుతుంది. మొదలు కాకుండా ఆపుతున్నది ఇసుక కాదు, పైనున్న రేగడి. మా లెక్కలన్నీ ఇసుక గురించి, కాపలా కాస్తున్నది మాత్రం ఆ రేగడి.

ఆగుతుందా అన్న ప్రశ్నకు మళ్లీ సెల్‌మైజర్ దగ్గరికే వెళ్లాలి. 56 మీటర్ల దారికి ఈసారి 7.0 మీటర్లు వచ్చింది. గుంత ఎండగట్టిన రాత్రి నీటి తేడా 3.4కి మీటరు కలిపి 4.4. ఈ అంకె చూసి మా జూనియర్ ఇంజనీరు "ఇంకా మార్జిన్ ఉంది కదా సార్" అన్నాడు. ఆ సూత్రం కట్ట పొడవునా ఒకేలా కందకం ఉన్నట్టు ఊహిస్తుంది. మా దగ్గరున్నది ఒక్క నోరు. నలుదిక్కుల నీరూ దాని వైపే పరిగెడుతుంది. అలాంటి ఒంటి నోరు ప్రయోగాల్లో ఆ సూత్రం చెప్పినదానిలో సగానికే బుంగ పూర్తిగా తవ్వుకుపోయినట్టు కనిపించింది. సగమంటే 3.5.

3.5కు 4.4. ఆ రాత్రి మోటారు ఇంకో పూట తిరిగి ఉంటే? తెలీదు. 3.5 అని ఒక్క అంకె రాయడం కూడా న్యాయం కాదు. ఇసుకలో నీరు పారే గుణాన్ని నేను గింజల సైజు నుంచి ఊహించాను. అందులో రెండింతల తేడా మామూలు. ఆ రెండింతలు ఈ అంకెను 2.8 నుంచి 4.4 దాకా జరుపుతాయి. పూర్తి రిపోర్టులో అలాగే రాశాను, 2.8 నుంచి 4.4 అని. పై ఆఫీసు నుంచి 'ఒక్క అంకె ఇవ్వండి' అని వెనక్కి వచ్చింది. 2.8 ఇచ్చాను.

చేసిన పని

రింగు కట్టిన వారం తర్వాత గుంతలో తలకిందుల ఫిల్టర్ వేశాం. కింది ఇసుకలో 85 శాతం గింజలు 0.5 మిల్లీమీటర్ల లోపే. పాత టెర్జాగీ నియమం ప్రకారం ఫిల్టర్‌లో అన్నిటికంటే సన్నగా ఉన్న 15 శాతం గింజల పై సైజు దానికి నాలుగు రెట్లు, అంటే 2 మిల్లీమీటర్లు దాటకూడదు, ఇసుకను పట్టుకోవాలి కాబట్టి. 0.8కి తగ్గకూడదు, నీరు పోవాలి కాబట్టి. పెన్న ముతక ఇసుకలో 6 మిల్లీమీటర్ల చిప్స్ కొంచెం కలిపితే సరిపోయింది. దాని మీద 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన రాళ్లు. కాంట్రాక్టరు మొదటి లోడు నేరుగా 40 మిల్లీమీటర్ల కంకర తెచ్చాడు, వెనక్కి పంపాను. ఇసుక దాని సందుల్లోంచి హాయిగా నడిచి వచ్చేస్తుంది.

నిండు చెరువు రోజు గుంత లేని చోట కూడా గట్టి కాదు, అది చేతి లెక్కలోనే తేలింది. 5.2లో 35 శాతం 1.82. ఎత్తేది 3.62 టన్నులు, రేగడి బరువు 3.24. అందుకే కింది ఒత్తిడిని బయటికి వదిలే రెండు రిలీఫ్ బావులు, 7 మీటర్ల లోతు, చీలికల పీవీసీ పైపు, చుట్టూ గ్రావెల్. వేసవిలో చెరువు లోపల తేలిన ఇసుక మీద అరవై సెంటీమీటర్ల రేగడి పరిచి రోలరు తొక్కించాం. గుంత దగ్గర మిగిలిపోయిన ఆ బంకమట్టి ముందు దానికే వాడాం. పీజోమీటర్ 35 శాతం నుంచి 19కి దిగింది. నిండు చెరువుకు ఎత్తేది 2.79 టన్నులు.

రిలీఫ్ బావుల నీరు వి-నాచ్ (పారే నీటిని కొలిచే వి ఆకారపు గాటు) మీదుగా అరటితోట కాలువలోకే పారుతుంది. రైతుకు మోటారు అవసరం లేకుండా పోయింది, కరెంటు కోసం రాత్రిళ్లు కాచుకోవడమూ తప్పింది. ఈ ఏడు చెరువు 4.6 మీటర్లకు చేరినప్పుడు నాచ్ మీద నీరు 6 సెంటీమీటర్లు, సెకనుకు సుమారు 1.2 లీటర్లు. నీరుగంటి రోజూ పొద్దున ఒక ఖాళీ సోడా సీసా నింపి తన గుడిసె గోడ మీద పెడతాడు, సాయంత్రానికి అడుగున ఏం చేరిందో చూస్తాడు. ఆ పద్ధతి నేను చెప్పింది కాదు.

అక్టోబరు చివర్లో ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి తెల్లవారుజామున కాదు. సీసా అడుగున గోరంత ఇసుక కనపడింది. "ఏ రంగు పెద్దాయనా, బూడిద రంగా?" అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు, సీసా ఎండకు పెట్టి చూస్తున్నట్టున్నాడు. "కాదు సార్, ఎర్రగా ఉండాది." బావి చుట్టూ పోసిన గ్రావెల్ ధూళి అది. అయినా సీసా కడగొద్దని చెప్పి, మరునాడు బయల్దేరాను.